ఖాళీ డ్రమ్మును కోసే ముందు

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత డీజిల్ డ్రమ్మును గ్యాస్ కటింగ్‌కు సిద్ధం చేయడం చూస్తే నాకు గుండె దడ పుడుతుంది. వంచితే చుక్క రాలకపోయినా, అతుకుల్లోను, అడుగున పేరుకున్న జిడ్డులోను మిగిలిన ఇంధనం టార్చి వేడికి ఆవిరై, లోపలి గాలితో కలిసి, ఒక్క నిప్పురవ్వకే డ్రమ్మును పేల్చివేయగలదు. సబ్బునీటితో కడిగినా ఆవిరి పూర్తిగా పోయిందని చెప్పలేము కనుక, అసలు కోయకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

జీఐ పైపులను, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపులను, వెల్డింగ్ చేయడంలోని ప్రమాదం వేరు. వాటిపై పూసిన జింకు 907 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది కాబట్టి, వెల్డింగ్ మంట (ఆర్క్) తగలగానే తెల్లని పొగ లేస్తుంది. దానిని పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే విరుగుడని కొందరు నమ్ముతారు గాని, పాలు ఊపిరితిత్తులను కాపాడలేవు. మాస్కు కట్టుకొని అతుకు దగ్గరి పూతను ముందే గీకివేసి, గాలి ధారాళంగా ఆడే చోట, పొగకు ముఖం అడ్డు పెట్టకుండా పని చేయాలి.