షెల్టర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

1977 నవంబరు 19 తుఫానులో దివిసీమలో ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంది ఉప్పెన నీరే. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళమీదికి వస్తే ఎక్కి నిలబడడానికి మెరక లేదు. అధికారిక లెక్కలోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గరే మరో తీవ్ర తుఫాను తీరం దాటింది. ఈసారి మృతులు వెయ్యి లోపే. మధ్యలోని 13 ఏళ్ళలో తీరం వెంబడి షెల్టర్లు (తుఫానప్పుడు జనం తలదాచుకునే భవనాలు) కట్టారు, తుఫాను రాకముందే లక్షల మందిని తరలించారు. ఒడిశా కూడా 1999 సూపర్ సైక్లోన్ తర్వాత ఇదే దారి పట్టింది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోపు పది లక్షల మంది దాకా తరలిపోయారు, మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది.

అయితే భవనం కట్టేస్తే పని అయిపోదు. స్తంభాల మీద లేపిన షెల్టర్‌లో కింది అంతస్తు ఖాళీగా ఉండాలి, నీరు అడ్డులేకుండా పోవాలి. మామూలు రోజుల్లో చోటు కలిసొస్తుందని అక్కడ గోడలు కడతారు. ఉప్పెన తాకిడంతా ఆ గోడల మీద పడి, స్తంభాలకు ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంచిన షెల్టర్ కన్నా, రోజూ బడి నడిచే షెల్టర్ నయం. తలుపులు తెరుచుకుంటాయి, కుళాయి పాడైతే ఆ వారమే తెలుస్తుంది. తాళంచెవులు కనీసం మూడు ఉండాలి, మూడూ ఆ ఊళ్ళోనే ఉండేవాళ్ళ దగ్గర ఉండాలి. జనరేటర్‌ను నెలకోసారి అరగంట నడపాలి.

వెయ్యి మందికి, మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున, మూడు రోజులకు 9,000 లీటర్ల తాగునీరు కావాలి. 50 మందికి ఒకటి చొప్పున 20 మరుగుదొడ్లు, అందులో ఆడవాళ్ళవి వేరుగా, లోపల గడియతో ఉండాలి. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళే ఎక్కువ. ఆడపిల్లలున్న ఇళ్ళు కదలకపోవడానికి చాలాచోట్ల ఇదే కారణం.

తరలింపులో లెక్క తప్పేది బస్సుల దగ్గర. 1,200 మందికి, బస్సుకు 50 మంది చొప్పున, 24 ట్రిప్పులు. ట్రిప్పుకు గంటన్నర పడితే మూడు బస్సులకు 12 గంటలు. వాతావరణ శాఖ ‘సైక్లోన్ వార్నింగ్’ తుఫాను తీరం దాటడానికి 24 గంటల ముందు వస్తుంది. కానీ గాలి పెరిగి దారిమీద చెట్లు పడడం తుఫాను తీరం దాటడానికి చాలా ముందే మొదలవుతుంది. అందుకే 48 గంటల ముందు వచ్చే అలర్ట్‌కే బస్సులు ఊళ్ళో ఉండాలి.

ముందు గర్భిణులు, మంచంలో ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు కదలాలి. వీళ్ళ జాబితా ఇంటింటికీ తిరిగి ఏటా ఏప్రిల్‌లోనూ, సెప్టెంబరులోనూ కొత్తగా రాసుకోవాలి. పోయినేటి కాగితంలో ఈ ఏడు కడుపుతో ఉన్న కోడలి పేరు ఉండదు. పశువుల పలుపులు విప్పి మెరకకు తోలే మనుషుల్ని కూడా ముందే అనుకోవాలి. లేకపోతే రైతు గేదె దగ్గరే ఉండిపోతాడు, అతని కోసం ఇంట్లోవాళ్ళూ ఆగిపోతారు.