ఎర్ర రైస్ కుక్కర్‌కి కేన్స్ అవార్డు

రాత్రిపూట వంటింట్లో నేల మీద కూర్చుని, కొత్త రైస్ కుక్కర్‌ని ఒళ్లోకి లాక్కుని, గట్టిగా వాటేసుకుని అలా ఉండిపోతుంది ప్రభ. మాటల్లేవు, ఏడుపు లేదు. ఎర్రగా మెరిసిపోతున్న ఆ కుక్కర్ పార్సిల్లో వచ్చింది, పంపిందెవరో పేరు లేదు, చిన్న చీటీ ముక్క కూడా లేదు, జర్మనీలో తయారైందని మాత్రం ఉంది. పెళ్లయిన కొత్తలోనే జర్మనీ వెళ్లిపోయి, ఏడాది దాటినా ఒక్క ఫోన్ చేయని మొగుడే పంపించి ఉంటాడని ఆవిడ అనుకుంటుంది, మనమూ అనుకుంటాం. ఆ సీను వచ్చేసరికి హైదరాబాద్‌లో నేను చూసిన థియేటర్లో మొత్తం పదకొండు మందిమి ఉన్నాం. నా వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ "అయ్యో తల్లీ" అని పైకే అనేశారు. నాకు గొంతు పట్టేసింది.

దర్శకురాలు పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' సినిమా గురించే చెప్తున్నా. ముంబై ఆసుపత్రిలో పనిచేసే, ప్రభతో సహా ఇద్దరు మలయాళీ నర్సులు, అదే ఆసుపత్రిలో వంట చేసే పార్వతి అనే మరాఠీ ఆవిడ, ఈ ముగ్గురి కథ. కని కుస్రుతి, దివ్యప్రభ, ఛాయా కదమ్ చేశారు. పార్వతి ఏళ్ల తరబడి ఉంటున్న ఇంటికి కాగితాలు లేవు, మొగుడు చనిపోయాడు, బిల్డర్ ఖాళీ చేయమంటున్నాడు. ఇంతే కథ అంటే ఇంతే, కానీ చూసొచ్చాక మూడు రోజులు నాతోనే ఉంది.

2024 మే 25 రాత్రి మా ఇంట్లో అందరూ పడుకున్నాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఫ్రాన్స్‌లో ఏటా జరిగే కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ అవార్డుల కార్యక్రమం లైవ్ చూశాను. అది 77వ కేన్స్. మన టీవీల్లో, వెబ్‌సైట్లలో అప్పటికి పది రోజులుగా ఎవరు ఏ గౌను వేసుకున్నారు, ఎవరు ఎర్ర తివాచీ మీద ఎలా నడిచారు అన్నదే వార్త. అక్కడ అసలు జరిగేది సినిమాల పోటీ అని తెలియాలంటే వెతుక్కోవాలి. ఆ ఏడాది ప్రధాన పోటీలో 22 సినిమాలు. తొమ్మిది మంది జ్యూరీ, అధ్యక్షురాలు అమెరికా దర్శకురాలు గ్రెటా గెర్విగ్. జపాన్ దర్శకుడు కొరెయెడా, లెబనాన్ దర్శకురాలు నదీన్ లబాకీ కూడా ఉన్నారు జ్యూరీలో. ఆ 22లో పాయల్ సినిమా ఒకటి. ప్రధాన పోటీలోకి మన సినిమా వెళ్లి అప్పటికి ముప్పై ఏళ్లు. అంతకు ముందు 1994లో షాజీ ఎన్ కరుణ్ గారి 'స్వాహం' వెళ్లింది, ఆ ఏడాది 'పల్ప్ ఫిక్షన్' గెలిచింది. షాజీ గారు 2025 ఏప్రిల్లో పోయారు. తన తర్వాత ముప్పై ఏళ్లకి ఇంకో మన సినిమా అక్కడ నిలబడి గెలవడం ఆయన చూసి వెళ్లారు, నాకు ఆ మాట తలుచుకుంటే తృప్తిగా ఉంటుంది.

పాయల్‌కి వచ్చింది గ్రాండ్ ప్రి, అంటే రెండో బహుమతి. మొదటిది పామ్ డోర్, అది షాన్ బేకర్ 'అనోరా'కి వెళ్లింది. ఇక్కడ మన పత్రికల్లో చాలా చోట్ల గందరగోళం కనిపించింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 1946లో చేతన్ ఆనంద్ 'నీచా నగర్'కి కూడా గ్రాండ్ ప్రి వచ్చింది కదా, మరి ఇది కొత్తేంటి అని కొందరు, కేన్స్‌లో మనకి టాప్ అవార్డు వచ్చేసిందని కొందరు రాశారు. పామ్ డోర్ అనేది 1955లో మొదలైంది. అంతకు ముందు అక్కడి పెద్ద బహుమతి పేరే గ్రాండ్ ప్రి, 1946లో దాన్ని ఏకంగా 11 సినిమాలకి పంచారు, అందులో 'నీచా నగర్' ఒకటి. ఇప్పటి గ్రాండ్ ప్రి రెండో స్థానం. పేరు ఒకటే, వస్తువు వేరు. ఈ మధ్యలో మనకి వచ్చినవి తక్కువేం కాదు, 1956లో 'పథేర్ పాంచాలి'కి ఉత్తమ మానవీయ చిత్రంగా గుర్తింపు వచ్చింది, 1983లో మృణాల్ సేన్ 'ఖారిజ్'కి జ్యూరీ ప్రైజ్ వచ్చింది.

ఆ రాత్రి పాయల్ ఒక్కతే స్టేజీ ఎక్కలేదు, ముగ్గురు నటీమణుల్నీ పక్కన నిలబెట్టుకుంది. ఇంకో భారతీయ సినిమా కోసం మళ్లీ ముప్పై ఏళ్లు ఆగొద్దని అడిగింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, చప్పట్లు కొడితే పిల్లలు లేస్తారని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఆ రాత్రి నన్ను ఇంకా కదిలించినాయన ఇరాన్ దర్శకుడు మొహమ్మద్ రసూలోఫ్. సొంత దేశంలో ఆయనకి ఎనిమిదేళ్ల జైలు, కొరడా దెబ్బలు శిక్ష వేశారు. కాలినడకన కొండలు దాటి దేశం విడిచి వచ్చి, తన 'ది సీడ్ ఆఫ్ ది సేక్రెడ్ ఫిగ్' ప్రదర్శనకి కేన్స్ చేరుకున్నారు. రాలేకపోయిన ఇద్దరు నటుల ఫోటోలు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని అదే ఎర్ర తివాచీ మీద నిలబడ్డారు. గౌన్ల ఫోటోలు వందలు చూపించిన చోట ఈ ఒక్క ఫోటో కూడా చూపిస్తే ఏం పోయింది? జ్యూరీ ఆయనకి ప్రత్యేక బహుమతి ఇచ్చింది. మిగతావి త్వరగా చెప్పేస్తా: దర్శకత్వం మిగెల్ గోమెష్‌కి, స్క్రీన్‌ప్లే 'ది సబ్‌స్టెన్స్'కి, నటుడు జెస్సీ ప్లెమన్స్, నటి అవార్డు మాత్రం 'ఎమీలియా పెరెజ్'లో చేసిన నలుగురికీ కలిపి ఇచ్చారు, నాకు ఆ పంపకం బాగా నచ్చింది.

అదే ఏడాది ఇంకో రెండు మనవి. ప్రధాన పోటీ కాకుండా కేన్స్‌లోనే విడిగా నడిచే అన్ సర్టెన్ రిగార్డ్ విభాగంలో అనసూయ సేన్‌గుప్తాకి ఉత్తమ నటి అవార్డు. సినిమా స్కూళ్ల విద్యార్థుల విభాగంలో మైసూరు కుర్రాడు చిదానంద నాయక్ తీసిన కన్నడ పొట్టి సినిమాకి మొదటి బహుమతి. ఒక ముసలావిడ కోడిపుంజుని దొంగిలిస్తే ఊళ్లో పొద్దు పొడవడం ఆగిపోతుంది, జానపద కథ అది. ఆ అబ్బాయి డాక్టరీ చదివి పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాడు. పాయల్ కూడా అక్కడి విద్యార్థే.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది, అవార్డు వల్ల ఏం జరిగింది అని. జరిగింది ఏంటంటే సినిమా నా దాకా వచ్చింది. మన రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా దీన్ని ఇండియాలో విడుదల చేసింది, ముందు సెప్టెంబర్లో కేరళలో, తర్వాత 2024 నవంబర్ 22న మిగతా చోట్ల. గ్రాండ్ ప్రి లేకపోతే మలయాళం, హిందీ, మరాఠీ కలగలిసిన, హీరో లేని, పాటల్లేని సినిమాకి హైదరాబాద్‌లో స్క్రీన్ దొరికేదా? దొరికాక కూడా మాకు దగ్గర్లో ఉన్న మల్టీప్లెక్స్‌లో రోజుకి ఒకటే ఆట, అదీ మధ్యాహ్నం, ఉద్యోగస్తులు ఎవరూ వెళ్లలేని టైమ్‌లో. నేను సెలవు పెట్టి వెళ్లాను. ఆస్కార్‌కి మన దేశం తరఫున దీన్ని పంపలేదు. ఇండియాలో జరిగే యూరప్ సినిమాలా ఉందని, ఏ సినిమా పంపాలో తేల్చే ఇక్కడి జ్యూరీకి అనిపించిందట, ఆ మాట ఆ ఎంపిక చేయించే ఫిల్మ్ ఫెడరేషన్ అధ్యక్షుడే చెప్పారు. ఈ మాట నాకు చాలా బాధ కలిగించింది. డబ్బు కొంత ఫ్రాన్స్ నుంచి రావచ్చు, లోకల్ ట్రైన్లో తలుపు దగ్గర నిలబడి అలసిపోయి ఇంటికెళ్లే ఆడవాళ్ల ముఖాలు ఎక్కడివి మరి?

మన తెలుగు దగ్గరికొస్తే నాకు 'వనజ' గుర్తొస్తుంది. రజనేష్ దోమలపల్లి కొలంబియా యూనివర్సిటీలో తన చదువులో భాగంగా తీసిన సినిమా, కూచిపూడి నేర్చుకోవాలని జమీందారిణి ఇంట్లో పనికి చేరిన పిల్ల కథ. 2007లో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ తొలి చిత్రం అవార్డు వచ్చింది. బెర్లిన్ అండీ, చిన్న విషయమా! నా స్నేహితుల్లో పది మందిని అడిగితే ఒక్కరే చూశారు, మిగతావాళ్లు పేరు కూడా వినలేదు. అవార్డు వచ్చినప్పుడే మన ఊళ్లలో నాలుగు వారాలు ఆడించే మనిషి ఒకరు వెనక ఉండాలి. 2024లో పాయల్‌కి ఆ మనిషి దొరికాడు.

2025లో పాయల్ కేన్స్ జ్యూరీ కుర్చీలో కూర్చుంది. ఇరాన్ నుంచే ఇంకో దర్శకుడు, జాఫర్ పనాహీ, పామ్ డోర్ గెలిచారు. పోటీ జాబితాలో మాత్రం మన సినిమా లేదు, నీరజ్ ఘైవాన్ 'హోమ్‌బౌండ్' అన్ సర్టెన్ రిగార్డ్‌లో ఉంది.

2025 జనవరిలో పాయల్ సినిమా హాట్‌స్టార్‌లోకి వచ్చాక మా అమ్మకి పెట్టి చూపించాను. అంతకు రెండేళ్ల ముందు అమ్మకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు నైట్ డ్యూటీలో ఒక మలయాళీ సిస్టర్ ఉండేది. వార్డులో అందరూ పడుకున్నాక కారిడార్ చివర మెట్ల మీద కూర్చుని, వీడియో కాల్‌లో కొట్టాయంలో ఉన్న తన పాపకి ఏదో పాట పాడి నిద్రపుచ్చేది, గొంతు బాగా తగ్గించి. అమ్మకి నిద్ర పట్టక ఆ పాట వింటూ పడుకునేది. కుక్కర్ సీను అయ్యేసరికి అమ్మ రిమోట్ తీసుకుని సినిమా ఆపింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఒరేయ్, ఆ సిస్టర్ నంబర్ ఉందా నీ దగ్గర?" అంది.