షికాగోలో తెగిన చైను

టికెట్లు తీసిన దగ్గర్నుంచీ మా అల్లుడు నొచ్చుకుంటూనే ఉన్నాడు. "గోలుపోస్టు వెనక వచ్చాయి మావయ్యగారూ, అదీ పైన ఎక్కడో. ఆట సరిగ్గా కనబడదేమో" అని. ఆ సీట్లో మూడు గంటలు కూర్చుని లేచాక, ఇంకోసారి వచ్చే రాత ఉంటే అక్కడే కూర్చోబెట్టమని చెప్పాను. 2024 నవంబరు 10, ఆదివారం. షికాగో బేర్స్‌కీ న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్‌కీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట.

నేను పాలకొల్లు పక్కన జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. నాకు తెలిసింది కబడ్డీ. కొన్నేళ్ళు ఆడాను, చాలా ఏళ్ళు ఆడించాను. అమ్మాయీ అల్లుడూ షికాగో శివార్లలో నేపర్‌విల్‌లో ఉంటారు. వాళ్ళింట్లో టీవీలో ఈ అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తే మొదట్లో నాకు కొరుకుడుపడలేదు. పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు ప్రయత్నాలు, అంతవరకూ అర్థమైంది. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, అదీ అర్థమైంది. కానీ కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది. బంతి విసరకముందే ఆ కుర్రాడు ఎందుకు కిందపడుతున్నాడో టీవీ చూపించదు. అది తెలుసుకోవాలనే వెళ్ళాను.

పొద్దున్నే నేపర్‌విల్ స్టేషన్లో మెట్రా రైలెక్కాం. రెండంతస్తుల పెట్టె. అమ్మాయి కట్టిచ్చిన పులిహోర మేడమీద సీట్లో కూర్చుని తింటుంటే, కింద పెట్టె నిండా ముదురు నీలం, నారింజ రంగు చొక్కాలు. సగం చొక్కాల మీద 18 అంకె. కాలేజీ కుర్రాళ్ళని జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్టులో ఆ ఏడాది అందరికంటే ముందు తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌ది ఆ నంబరు. కొందరు పెద్దవాళ్ళ ఒంటిమీద 34, అది బేర్స్ పాతకాలపు మేటి ఆటగాడు వాల్టర్ పేటన్‌ది. ఊరి దేవుడి జాతరకి వెళ్ళేవాళ్ళలా ఉన్నారుగానీ ముఖాల్లో ఆ సంబరం లేదు.

కారణం అల్లుడు దారిలో చెప్పాడు. అక్టోబరు మధ్యలో లండన్లో జాక్సన్‌విల్ మీద గెలిచేసరికి బేర్స్‌కి 4 గెలుపులు, 2 ఓటములు. ఊరంతా ఆశపడింది. సరిగ్గా రెండు వారాల కిందట వాషింగ్టన్‌లో, గోలు గీతకి ఒక్క గజం దూరంలో బంతిని డగ్ క్రేమర్ అనే లైన్‌మన్ చేతికి ఇవ్వబోతే జారిపోయింది. అయినా చివర్లో పుంజుకుని ముందుకొచ్చారు. ఆట ముగిసే చివరి విసురుకి వాషింగ్టన్ వాళ్ళు టచ్‌డౌన్ కొట్టి, అంటే బంతిని గోలు గీత దాటించి, 18-15తో గెలిచారు. తర్వాతి వారం అరిజోనాలో 29-9తో ఓడిపోయారు. "ఈ రెండాటల్లో మా గోడ కూలిపోయింది మావయ్యగారూ" అన్నాడు. గోడంటే క్వార్టర్‌బ్యాక్ ముందు కాపలా నిలబడే ఐదుగురు లైన్‌మన్‌ల వరస. దాని రెండు చివర్లలో ఉండేవాళ్ళు టాకిళ్ళు. ఎడమ టాకిల్ బ్రాక్స్టన్ జోన్స్, కుడి టాకిల్ డార్నెల్ రైట్, ఇద్దరికీ దెబ్బలు తగిలి ఇవాళ ఆడటం లేదట.

యూనియన్ స్టేషన్లో దిగి ఆడమ్స్ వీధి వెంట నడిచాం. అది మిషిగన్ అవెన్యూని కలిసేచోట ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893లో వివేకానందుడు మాట్లాడిన భవనం అదే. ఒక్క నిమిషం చేతులు జోడించి నిలబడ్డాను. అక్కణ్ణుంచి దక్షిణంగా గ్రాంట్ పార్కు మీదుగా, సరస్సు గాలి చెవుల్లో కొడుతుంటే సోల్జర్ ఫీల్డ్. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన సైనికుల స్మృతికి కట్టిన స్టేడియం, నేను వెళ్ళిన ఏటికి దానికి నూరేళ్ళు. బయట పాత రాతి స్తంభాలు వరసగా ఉంటాయి. లోపల 2003లో కొత్తగా కట్టిన గిన్నె. బేర్స్ ఇక్కడికొచ్చింది 1971లో.

మా సీట్లు నిజంగానే పైన, గోలుపోస్టుకి ఎదురుగా. నా పక్కన డెబ్బై దాటిన పెద్దాయన. ఆయన చొక్కా మీద 74 ఉంది. అంత జనంలో ఆ నంబరు ఇంకెక్కడా కనబడలేదు నాకు. ఎవరిదని అల్లుడి చేత అడిగించాను. జింబో కోవర్ట్‌దట. 1985లో బేర్స్ విజేతలైన జట్టులో ఎడమ టాకిల్. ఈయన కూడా హైస్కూల్లో గార్డుగా ఆడాడట. నేను కబడ్డీ కోచ్‌నని చెబితే, కూతకొచ్చినవాణ్ణి ఆపడానికి పక్కపక్కవాళ్ళు చేతులు కలిపి కట్టే చైను గురించి అడిగి మరీ చెప్పించుకున్నాడు. ఆ తర్వాత మూడు గంటలూ మేమిద్దరం బంతిని చూడలేదు.

గోలుపోస్టు వెనక నుంచి చూస్తే ఆ ఆట వేరు. మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిళ్ళు. ఒక్కొక్కడు ఇంచుమించు 140 కిలోలు. వాళ్ళ మధ్య సందులు నాకు నిలువునా కనబడుతున్నాయి. ముందుకు పరిగెత్తుకొచ్చేవాణ్ణి వీళ్ళు వెనక్కి అడుగులు వేస్తూ ఆపాలి. పైగా పట్టుకోకూడదు! కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టుకోవడమే మన పని. ఇక్కడ చొక్కా పట్టి లాగితే పది గజాలు శిక్ష. అరచేతులతో ఛాతీ మీద నెట్టుతూ రెండున్నర, మూడు సెకన్లు నిలవరించాలి. చెయ్యి పట్టకుండా మనిషిని ఆపడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మొదటి క్వార్టర్లోనే చూశాను, ఎక్కడ తెగుతోందో. పేట్రియట్స్ వాళ్ళలో ఇద్దరు ఒకేసారి బయల్దేరతారు. ఒకడు లోపలికి దూరతాడు, రెండోవాడు వాడి వెనక నుంచి చుట్టుతిరిగి ఆ ఖాళీలోకి వస్తాడు. దీన్ని స్టంట్ అంటారట. అప్పుడు గార్డూ టాకిలూ ఒకరి మనిషిని ఇంకొకరికి అప్పగించుకోవాలి. 'నీవాడు నాకు, నావాడు నీకు' అని నోటితో చెప్పుకునే టైముండదు, భుజం కదలికని బట్టి తెలిసిపోవాలి. బేర్స్ గార్డు తనవాడి వెంటే పోయాడు. టాకిల్ కూడా ఆవైపే వాలాడు. రెండోవాడికి తలుపు బార్లా తెరిచినట్టయింది. విలియమ్స్ కిందపడ్డాడు.

పక్కన 74 చొక్కా పెద్దాయన తన రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చి, మెల్లగా విడదీసి చూపించాడు. చైను తెగింది. భాష అక్కర్లేకపోయింది.

మా స్కూల్లో ఒక ఏడాది జిల్లా పోటీల ముందు కుడి కార్నర్ కుర్రాడికి చీలమండ బెణికింది. వాడి బదులు ఇంకొకణ్ణి దింపాను. కొత్తవాడికి బలం వాడికంటే ఎక్కువే. కానీ పక్కనున్న కవర్ కుర్రాడు రెండేళ్ళుగా పాతవాడి అడుగు తెలిసినవాడు. కొత్తవాడు ఎప్పుడు దూకుతాడోనని చూసుకుంటూ ఆ అరక్షణం ఆగేవాడు. ఆ అరక్షణంలోనే పాయింట్లు పోయాయి. ఇద్దరూ మంచి ఆటగాళ్ళే. సోల్జర్ ఫీల్డ్‌లో నాకు పదేపదే ఆ కవర్ కుర్రాడి ముఖమే గుర్తొచ్చింది. రెండు చివర్లూ కొత్తవైతే లోపలి ముగ్గురూ పక్కకి చూసుకుంటూనే ఆడాలి.

న్యాయంగా చెప్పాలంటే అన్నీ లైను తప్పులు కావు. రెండు మూడుసార్లు ఐదుగురూ గట్టిగా నిలబడ్డారు, నేను లోపల లెక్కపెట్టుకున్నాను. మూడు సెకన్లు దాటినా విలియమ్స్ బంతి వదల్లేదు. కాలేజీలో అలా తప్పించుకు తిరిగి అద్భుతాలు చేసిన కుర్రాడు, ఇక్కడా ఇంకాస్త ఆగితే ఎవడో ఒకడు ఖాళీ దొరుకుతాడని నమ్మకం. మొదటి ఏడాదివాడు. దెబ్బ మీద దెబ్బ తింటున్నవాడికి కళ్ళు దూరం చూడటం మానేసి దగ్గరికొచ్చే కాళ్ళవైపు పోతాయి. అప్పుడు ఖాళీగా ఉన్నవాడు కూడా కనబడడు. లైను తడబాటు క్వార్టర్‌బ్యాక్‌ని పాడుచేస్తుంది, ఆయన ఆలస్యం లైనుని ఇంకా పాడుచేస్తుంది. ఏది ముందో విడదీసి చెప్పలేం.

9 సార్లు పడ్డాడు ఆ కుర్రాడు. బంతి ఇంకా చేతిలో ఉండగా క్వార్టర్‌బ్యాక్‌ని ఇలా పడగొట్టడాన్ని శాక్ అంటారు. పడ్డ ప్రతిసారీ లైన్‌మన్ ఒకడు వంగి చెయ్యి అందించి లేపేవాడు. జనం అరుపులు, ఛీత్కారాలు. ఆ అరుపుల మధ్య ఆ వంగిన వీపుల్ని చూస్తే నాకు మనసు ఆగలేదు. సవ్యంగా చేసినప్పుడు ఒక్కడి పేరూ మైకులో వినబడదు. తప్పు చేస్తే మాత్రం నంబరుతో సహా చెబుతారు.

ఆట 19-3. బేర్స్‌కి ఒక్క ఫీల్డ్ గోల్, అంటే బంతిని గోలుపోస్టు మధ్యనుంచి తన్ని తెచ్చిన మూడు పాయింట్లు, అంతే. ఆట మొత్తం మీద సాధించింది 142 గజాలు. చెప్పుకోవలసింది ఇంకొకటుంది. అవతలి పేట్రియట్స్ లైను కూడా ఆ ఏడాది గొప్పదేం కాదు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ డ్రేక్ మే కూడా మొదటి ఏడాది కుర్రాడే. అదే ఎండ, అదే గాలి. వాళ్ళు బంతి త్వరగా వదిలారు, చిన్న చిన్న విసురులతో లైనుని కాపాడుకున్నారు. ప్లాను వేసేవాళ్ళు ఆ సాయం చెయ్యొచ్చు. బేర్స్ బెంచీ నుంచి ఆ సాయం రాలేదనే నా అభిప్రాయం. రెండు రోజులకి, దాడి ప్లాను వేసే కోచ్, అఫెన్సివ్ కోఆర్డినేటర్ షేన్ వాల్డ్రన్‌ని తీసేశారు.

నాలుగో క్వార్టర్ అయ్యేలోపే చాలామంది లేచిపోయారు. పెద్దాయన మాత్రం కదల్లేదు. 1985 లైను ఐదుగురి పేర్లూ వేళ్ళమీద లెక్కపెట్టాడు: కోవర్ట్, బోర్ట్స్, హిల్గెన్‌బర్గ్, థేయర్, వాన్ హార్న్. "వాళ్ళు కొన్నేళ్ళు కలిసి ఆడారు. ఒకరు తుమ్మితే ఇంకొకరికి తెలిసేది" అన్నాడని అల్లుడు చెప్పాడు.

తిరుగు రైల్లో అల్లుణ్ణి ప్రశ్నలతో విసిగించాను. ఇప్పటివాళ్ళు అలా ఎందుకు కుదురుకోలేరు బాబూ అని. చాలా చెప్పాడు. లీగుకీ ఆటగాళ్ళ సంఘానికీ 2011లో కుదిరిన ఒప్పందం నుంచి, సీజన్ మొదలయ్యాక రక్షణ కవచాలు పూర్తిగా వేసుకుని ఢీకొట్టే ప్రాక్టీసులు మొత్తం మీద 14కి మించకూడదట. ఆటగాళ్ళ తలలకీ ఒళ్ళకీ మంచిదే, ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒళ్ళు తగలకుండా నేర్చుకోలేని విద్య ఇది. దానికితోడు మనుషులు నిలవలేదు. 2023లో మూడేళ్ళకి 3 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చిన గార్డు నేట్ డేవిస్ ఆ ఏడాది చోటు పోగొట్టుకున్నాడు. నేను చూసిన ఆటకి కొద్ది రోజుల తర్వాత అతన్ని వదిలేశారు కూడా. టెవెన్ జెంకిన్స్ మంచి గార్డే, గాయాలు వదల్లేదు. సెంటర్ ఆ ఏడే వచ్చాడు. ఐదు కుర్చీల్లో ఎప్పుడూ ఒకటో రెండో కొత్త ముఖాలే.

డిసెంబరులో నేను ఇంటికొచ్చేశాను. సీజన్ ముగిసేసరికి విలియమ్స్ మీద శాక్‌లు 68. అప్పటివరకు ఒక సీజన్లో అందరికంటే ఎక్కువ పడింది 2002లో హ్యూస్టన్ క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్, 76 సార్లు. అది ఆ ఏడాదే కొత్తగా పుట్టిన జట్టు. షికాగోది నూరేళ్ళు దాటిన జట్టు.

మార్చిలో ఒకరోజు తెల్లవారుజామున అల్లుడు ఫోను. గొంతులో ఉత్సాహం. లైను మధ్య భాగమంతా మార్చేశారట. కాన్సస్ సిటీ నుంచి జో థూనీ, సూపర్‌బౌల్ అనే లీగు ఫైనల్ నాలుగుసార్లు గెలిచిన గార్డు. లాస్ ఏంజెలిస్ నుంచి ఇంకో గార్డు జోనా జాక్సన్. అట్లాంటా నుంచి సెంటర్ డ్రూ డాల్మన్. కొత్త హెడ్ కోచ్ బెన్ జాన్సన్, డెట్రాయిట్‌లో జాక్సన్‌తో కలిసి పనిచేసినవాడే.

"ముగ్గురూ ఒకేసారి కొత్తవాళ్ళా? సెప్టెంబరు దాకా రోజూ పక్కపక్కన నిలబడతారు కదా?" అన్నాను.

"నిలబడతారు మావయ్యగారూ."

ఆ టికెట్లు అతని ఆఫీసు స్నేహితుడివి, ఏడాది పొడవునా అవే సీట్లు. సెప్టెంబరులో వెళ్తే పక్కసీటు పెద్దాయన్ని నేనడిగానని చెప్పమన్నాను. మొదటి స్టంట్ వచ్చినప్పుడు ఆయన వేళ్ళు విడిపోయాయో లేదో చూసి ఫోను చెయ్యమన్నాను.