అమ్మ వేలికి సిరా పూశాక పేపర్లు చేతికిచ్చారు

అమ్మకు పదిహేనేళ్ళుగా షుగర్. రెండు రకాల గోలీలు వాడుతున్నా మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 9 శాతం దగ్గరే ఆగిపోయింది. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో కొత్త మందు మీద ట్రయల్ నడుస్తోందని మా డాక్టరే పంపించారు. రక్తం, మూత్రం, ఈసీజీ అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి.

అసలు బాధ అంగీకార పత్రం దగ్గర మొదలైంది.

అమ్మకు చదువు రాదు. కోఆర్డినేటర్ కుర్రాడు మేం సరిగ్గా కూర్చోకముందే స్టాంప్ ప్యాడ్ తీసి అమ్మ బొటనవేలికి సిరా అద్దాడు. చీరకు అంటుతుందని అమ్మ ఆ వేలిని పైకెత్తి పట్టుకునే కూర్చుంది. ఇరవైకి పైగా పేజీలు. తెలుగేగానీ "యాదృచ్ఛిక కేటాయింపు" లాంటి మాటలు. డిగ్రీ చదివిన నాకే తల తిరిగింది. అడిగితే "అవన్నీ ఫార్మాలిటీ మేడం" అన్నాడు. కెమెరా పెట్టి, అంతా అర్థమైందని చెప్పమన్నాడు. చిన్నగా చెప్పిందని మళ్ళీ, తల దించుకుందని మళ్ళీ. మూడోసారికి అమ్మ గొంతు వణికింది. సాక్షి సంతకానికి పక్క గదిలోని తన తోటి ఉద్యోగినే పిలిచాడు.

ఇక నేను లేచాను. ట్రయల్‌తో సంబంధం లేని మనిషే సాక్షిగా ఉండాలి, విషయం అర్థం కానిదే వేలిముద్ర పడదు అన్నాను. "చదువుకున్నోళ్ళు వస్తే ఇదే లొల్లి" అన్నాడు అందరి ముందూ. ముందురోజు రాత్రి కూర్చుని 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చదివే వెళ్ళాను, కాబట్టి తగ్గలేదు.

బేగంపేటలో 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్, దోమకు ఒక అణా చొప్పున. ఆయనను ఎంతమంది తలుచుకుంటారు? ఒళ్ళు అప్పగించే మనిషికి విషయం చెప్పాల్సిందే.

చివరికి పెద్ద డాక్టరు ఒక నర్సమ్మను పంపారు. ఆమె అమ్మ పక్కనే బెంచీ మీద కూర్చుంది. "చిట్టీలు ఏసినట్టు కంప్యూటర్ ఏస్తది అమ్మా. నీకు కొత్త గోలి వస్తదో మందు లేని ఉత్త గోలి వస్తదో నాకు తెల్వదు, డాక్టర్ సారుకూ తెల్వదు."

"ఉత్త గోలి వస్తే షుగర్ పెరగదా బిడ్డా?"

"నీ పాత గోలీలు ఆపం గదా. పెరిగితే మేమే చూస్తం. నడుమల వద్దనిపిస్తే మానుకోవచ్చు, నిన్నెవ్వరూ ఏమనరు."

ఇరవై పేజీల్లో లేని తెలుగు అది. బయట కూర్చున్న ఒక రిటైర్డ్ టీచరమ్మ అంతా విని సాక్షి సంతకం పెట్టారు. అప్పుడు అమ్మ తనే వేలు ముద్ర వేసింది.

ఇలాంటి ట్రయల్స్‌కు వెళ్ళేవాళ్ళు, మన దేశంలోని ట్రయల్స్‌ను నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఆ ట్రయల్ నమోదైందో లేదో చూసుకోండి. ట్రయల్ వల్ల ఏమైనా అయితే వైద్యం ఉచితంగా చేయాలి, ఆ మాట పత్రంలో ఎక్కడుందో చూపించమనండి. ట్రయల్‌లో చేరినవాళ్ళ హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ నంబరూ అందులోనే ఉంటుంది. సంతకాలైన కాపీ చేతికి రాకుండా కుర్చీలోంచి లేవకండి. నాకు "తర్వాత ఇస్తాం" అన్నారు, అరగంట కూర్చుని తీసుకున్నాను.

ఆ కాపీ ఇప్పుడు రేషన్ కార్డు పక్కన, అమ్మ రేకు పెట్టెలో ఉంది. సోమవారం గోలీల డబ్బా ఇస్తారట.