పిడికిట్లో మంత్రి

ఆదివారం. పొద్దున్నే కావలిలో బస్సెక్కి అక్క కూతుర్ని నెల్లూరు తీసుకెళ్లాను, జూనియర్ల బ్లిట్జ్ చెస్ పోటీకి. ఒక్కొక్కరికి 3 నిమిషాలు, ఎత్తు వేసిన ప్రతిసారీ 2 సెకన్లు కలుస్తాయి. మా నాన్న అరుగు మీద ఆట మొదలుపెడితే అది తేలేలోపు రెండుసార్లు కాఫీ వచ్చేది, ఇక్కడ నా టీ చల్లారకముందే ఒక రౌండు అయిపోతోంది.

పెద్దవాళ్లని హాల్లోకి రానివ్వలేదు. అందరం కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాం.

మూడో రౌండులో అవతల దీనికంటే రెండేళ్లు పెద్ద పిల్లాడు. మంత్రులు రెండూ ముందే పోయాయి (క్వీన్ అనాలంట, నాకేమో మంత్రి, ఏనుగు, శకటు అంటేనే నోరు తిరుగుతుంది). చంపిన పావుల్ని పిడికిట్లో పెట్టుకుని నలపడం వాడి అలవాటు. మా పిల్ల బంటు చివరి వరసకి చేరేసరికి వాడి గడియారంలో 4 సెకన్లు, దీనికి 20 పైనే, ఇంక గెలిచినట్టే అనుకున్నాను. బంటు తీసి ఆ గడిలో పెట్టాల్సిన మంత్రి కోసం ఇది బల్లంతా వెతికింది, లేదు, వాడి పిడికిట్లో ఉంది. కంగారులో బంటుని అలాగే వదిలేసి గడియారం నొక్కేసింది.

వాడు చెయ్యెత్తాడు. ఆర్బిటర్ (ఆట తీర్పరి) వచ్చి ఇల్లీగల్ మూవ్, అంటే రూలు తప్పిన ఎత్తు అన్నారు. బంటు మంత్రి అయితే అయింది గానీ, వాడికి 1 నిమిషం అదనంగా కలిపారు. గడియారం ఆపి ఆర్బిటర్‌ని మంత్రి అడగొచ్చంట, ఆ సంగతి తర్వాత ఒక కోచ్ చెబితే తెలిసింది. రూల్ సరైనదే, వాడూ కావాలని పట్టుకుని ఉండడు, అయినా నాకు కడుపు మండిపోయింది.

ఏడుపు దిగమింగుకుంటూ ఆడి, వాడి ఒంటరి రాజుకి కదిలే గడి లేకుండా చేసింది, చెక్ మాత్రం ఇవ్వలేదు. స్టేల్‌మేట్. అర పాయింటు.

పెరుగన్నం ముట్టలేదు. మన గుడివాడ కోనేరు హంపి 2019లో వరల్డ్ ర్యాపిడ్ (బ్లిట్జ్ కంటే ఎక్కువ టైమిచ్చే చెస్) గెలిచాక మళ్లీ 2024లో గెలిచింది, మధ్యలో ఎన్ని ఓడిపోయి ఉంటుందో అన్నాను.

"అది ర్యాపిడ్ మామా, ఇది బ్లిట్జ్."

ఇంకేం మాట్లాడతాను.

తర్వాతి రౌండులో అవతలి పిల్ల దీని మంత్రిని చంపి గుప్పిట మూసింది. ఇది తన టైమ్ పోతున్నా ఎత్తు వెయ్యకుండా వేలితో బల్ల చూపించింది. మంత్రి బల్ల మీదికి వచ్చాకే గుర్రాన్ని కదిపింది. ఆ ఆటలో దీని బంటు ఒక్కటీ చివరి వరస దాకా పోలేదు.