50 సీసీ మోడల్‌కు లింకేజీల బిగింపు: నా అనుభవం

ఒక పక్క రేణిగుంట విమానాశ్రయం, ఇంకో పక్క తిరుమల కొండ. తిరుపతిలో రేడియోతో నడిపే మోడల్ విమానం ఎగరేసే మాటే లేదు. ఇక్కడ జరిగేదంతా మిద్దె మీది గదిలో బిగింపు పనే. ఈసారి 50 సీసీ పెట్రోల్ ఇంజిన్, 2.2 మీటర్ల రెక్క. లింకేజీలంటే సర్వో (చిన్న మోటారు) కదలికను రెక్క, తోకల మీది కదిలే పలకలకు చేర్చే కడ్డీలు, వాటి బిగింపులు.

ట్రాన్స్‌మిటర్‌లో ట్రిమ్‌లన్నీ (నడిమి స్థానాన్ని కొద్దిగా జరిపే సర్దుబాట్లు) సున్నా చేసి, సర్వోకు కరెంటు ఇచ్చాకే దాని ఆర్మ్ (తిరిగే చేయి) తొడిగాను. 25 పళ్ల స్ప్లైన్‌లో (ఆర్మ్ కూర్చునే పళ్ల ఇరుసు) ఒక్క పన్ను జరిగితే 14.4 డిగ్రీల తేడా. పుష్‌రాడ్‌కు (ఆర్మ్ నుంచి పలకకు పోయే కడ్డీ) సరిగ్గా లంబంగా కూర్చునే పన్ను దొరకడం అరుదు. దగ్గరి పన్నులో పెట్టి, మిగిలిన రెండు మూడు డిగ్రీలను సబ్ ట్రిమ్‌తో (ఒక్కో సర్వో నడిమి స్థానాన్ని విడిగా సర్దేది) సరిచేశాను.

పొడుగు ఆర్మ్ వేసి ఎండ్ పాయింట్‌ను (సర్వో ఎంతవరకు తిరగాలో చెప్పే హద్దు) 50 శాతానికి తగ్గించే అలవాటు చాలామందిది. నాకది నచ్చదు. 20 కిలోల సర్వో (1 సెం.మీ. దూరంలో 20 కిలోలు లాగేది) 38 మి.మీ. రంధ్రం దగ్గర లాగేది 5 కిలోల పైచిలుకే, 20 మి.మీ. దగ్గరైతే 10 కిలోలు. అందుకే లోపలి రంధ్రం వాడి, ఎండ్ పాయింట్ 100 దగ్గరే ఉంచాను.

ఎక్కువ రోజులు పట్టింది ఎలివేటర్ (తోక మీద పైకీ కిందికీ కదిలే పలక) హార్న్‌తోనే; హార్న్ అంటే పుష్‌రాడ్ తగిలించే, పలకకు అతికిన కొమ్ము. హింజ్ (పలక మడతబందు) గీత వెంట దారం లాగి చూస్తే, హార్న్ రంధ్రం 5 మి.మీ. వెనక పడింది. హార్న్ ఎత్తు 25 మి.మీ., ఉండేది అడుగున. లెక్క వేస్తే పైకి 40 డిగ్రీలు వెళ్లే ఎలివేటర్ కిందికి 34 దగ్గరే ఆగిపోతుంది. ట్రాన్స్‌మిటర్‌లో చివరలు సమానం చేయొచ్చు గానీ మధ్యలో పైకీ కిందికీ కదలికలో తేడా అలాగే ఉంటుంది. 3 మి.మీ. గ్లాస్ ఫైబర్ షీటులో, కొన హింజ్ గీత మీదికి వంగేలా కొత్త హార్న్ కోసుకున్నాను. అతికే చోట గరుకు కాగితంతో రుద్ది ఎపాక్సీ పెట్టాను. మే ఎండల్లో 30 నిమిషాల ఎపాక్సీ అంతసేపు ఆగదు, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి.

ప్లే (కీళ్లలో లూజు) సంగతి తేలిగ్గా తీసుకోకండి. 25 మి.మీ. హార్న్ దగ్గర అర మిల్లీమీటరు లూజు ఉంటే, హింజ్‌కు 100 మి.మీ. దూరంలోని అంచు 2 మి.మీ. ఆడుతుంది. ఫ్లటర్‌కు (గాలి వేగానికి పలక అదుపు తప్పి వణకడం) అది చాలు. రెండు చివరలా బాల్ లింక్‌లు (గుండు మీద తిరిగే కీళ్లు), 3 మి.మీ. బోల్టు, నైలాక్ నట్ (లోపలి నైలాన్ రింగుతో వదులు కాని నట్) వేశాను. బాల్ ఊడినా రాడ్ జారిపోకుండా బయటి వైపు పెద్ద వాషర్ పెట్టాను. హింజ్ సందుకు పైన టేపు అంటించాను.

రడ్డర్‌కు (తోక మీద నిలువుగా ఉండి పక్కలకు తిరిగే పలక) రెండు సర్వోలు. ఒకదానితో ఒకటి పెనుగులాడితే గుయ్‌మని మోగుతూ బ్యాటరీని తాగేస్తాయి. మొదట ఒక రాడ్ బిగించి, రెండోదాని బోల్టు తీసి పెట్టాను. నడిమిన, రెండు చివర్లలో బోల్టు వేలితో నెడితే రంధ్రంలోకి జారాలి. కుడి చివర సగం దాకా వచ్చి ఇరుక్కుంది. ఆ సర్వో ఎండ్ పాయింట్ కొద్దిగా తగ్గించాక సాఫీగా దిగింది.

ఇంజిన్ నేల మీద పది నిమిషాలు తిప్పి ఆపి, బోల్టులన్నిటికీ మళ్లీ అలెన్ కీ పెట్టి చూశాను. ఎడమ ఐలెరాన్ (రెక్క మీది కదిలే పలక) ఆర్మ్ బోల్టు పావు చుట్టు తిరిగింది. నీలి థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) వేయనిది ఆ ఒక్కదానికే.