పాప కళ్ళ ఎత్తులో ఫిష్ ట్యాంకు

జులై మొదట్లో

ట్యాంకు కొనకముందే ఎత్తు తేల్చుకున్నాం. దుకాణాల్లో దొరికే స్టాండ్లన్నీ పెద్దవాళ్ళు నిలబడి చూడ్డానికి చేసినవే. అయిదేళ్ళ పిల్లకి వాటి మీద కనిపించేది ట్యాంకు అడుగూ, ఇసుక అంచూ. పాపని తన చిన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి కళ్ళదాకా టేపు పెడితే దాదాపు 80 సెంటీమీటర్లు వచ్చింది. ట్యాంకు నడిమి భాగం అక్కడికి రావాలంటే స్టాండు రెండడుగులుంటే చాలు. మేస్త్రీ చేత గోడవారగా సిమెంటు ఇటుకలు కట్టించి, వంటింటి గట్టు వేయించినప్పుడు మిగిలిన గ్రానైటు పలక పైన పరిపించాం. దాని మీద థర్మోకోల్ షీటు, ఆ పైన ట్యాంకు. పిల్ల పట్టుకుని వేలాడినా కదలదు.

ట్యాంకు 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు. లెక్క ప్రకారం 70 లీటర్లు. ఇసుకా రాళ్ళూ, పైన వదిలిన ఖాళీ పోను నీళ్ళు పట్టేది 55 లీటర్ల దాకా. అన్నీ నింపాక బరువు 80 కిలోలు దాటుతుంది కాబట్టి ఒకసారి పెట్టాక ఇంక జరిపే మాటే లేదు. ఎండ నేరుగా పడని గోడ చూసుకోవాలి, ప్లగ్గు దగ్గర్లో ఉండాలి, కానీ ట్యాంకుకి సరిగ్గా కింద ఉండకూడదు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒక వంకీ తిరిగి మళ్ళీ పైకి వెళ్ళేలా కట్టాను. నీటి చుక్క వైరు మీదుగా జారినా ఆ వంకీ దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్లోకి పోదు. ఆ లైనుకి 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్ చేత చూపించాను. పిల్లలున్న ఇంట్లో ఇందులో బేరాల్లేవు. చెయ్యి నీళ్ళలో పెట్టేముందు స్విచ్చులన్నీ ఆపాలన్నది మా ఇంట్లో మొదటి రూలు. ఇప్పుడది పాపే నాకు గుర్తు చేస్తుంది.

పాప అడిగింది మాత్రం గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్. అది జానెడు పెరిగే చేప, మురికి విపరీతం, లేత మొక్కల్ని ఉంచదు. గిన్నెలో చిన్నగానే ఉంటుందని దుకాణాల్లో చెబుతారు గానీ, పెరగకముందే చచ్చిపోతుంది కాబట్టి చిన్నగా కనిపిస్తుందంతే. ఊళ్ళో పెరిగిన మా అమ్మ సలహా ఇంకా ఘనం: "కొర్రమీను పిల్లల్ని వెయ్యరా, గట్టి ప్రాణం." రాష్ట్ర చేప కదా అని మర్యాదగా విన్నాను. అది పెరిగి మిగతా చేపలన్నిటినీ మింగేస్తుందని చెబితే పాప కళ్ళు పెద్దవి చేసి, "అయితే అదే కావాలి నాన్నా" అంది. దాని నుంచి బయటపడ్డానికి కొంత టైం పట్టింది.

జులై, నీళ్ళ సంగతి

మా అపార్ట్‌మెంటు సంపులో మున్సిపల్ నీళ్ళూ బోరు నీళ్ళూ కలుస్తాయి. ఏ రోజు ఏది ఎక్కువో చెప్పలేం. నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని చూపించే టీడీఎస్ మీటరు పెడితే ఒక వారం 300, ఇంకో వారం 700. హైదరాబాదులో ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. ఉప్పులు కొంచెం ఎక్కువున్న గట్టి నీళ్ళైనా చేపలు అలవాటు పడతాయి గానీ, వారం వారం మారిపోతుంటే తట్టుకోలేవు. అందుకే బోరు ఎక్కువున్న వారం ఆర్‌వో నీళ్ళు కలిపి 350, 450 మధ్యకి తెస్తున్నాను. ఆవిరైపోయిన మేరకు నింపడానికి మాత్రం వట్టి ఆర్‌వో నీళ్ళే. నీళ్ళు ఆవిరైనా ఉప్పులు ట్యాంకులోనే ఉండిపోతాయి కదా, మళ్ళీ బోరు నీళ్ళు పోస్తే పేరుకుంటూ పోతాయి.

మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి ఒక రోజు మూత లేకుండా వదిలేస్తే చాలావరకు పోతుంది. తొందరుంటే దుకాణంలో దొరికే క్లోరిన్ పోగొట్టే మందు చుక్కలు వేస్తాను. ఆ సీసా, టెస్ట్ కిట్ సీసాలు అన్నీ అలమారా పై అరలో తాళం వేసి ఉంటాయి.

ఇసుక విషయంలో రంగురంగుల గులకరాళ్ళ జోలికి పోలేదు. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో వేసే సన్న ఇసుక, రెండంగుళాల మందానికి 15 కిలోల దాకా పట్టింది. కడగడం పాప పని. టబ్బులో ఇసుక, పైపుతో నీళ్ళు, బాల్కనీ అంతా బురద. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, తనంతట తను ఆపే రకం కాదు.

జులై చివర, మొక్కలు

పిల్లల ట్యాంకులో మొక్కలు గట్టివై ఉండాలి. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ వెండ్టి, వాలిస్‌నేరియా, పైన తేలడానికి హార్న్‌వర్ట్. వీటిలో దేనికీ సీవో2 సిలిండరు అక్కర్లేదు. అనుబియాస్, జావా ఫెర్న్‌లకి అడ్డంగా పాకే లావు కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పాతితే కుళ్ళిపోతుంది. అందుకని నూలు దారంతో చెక్కకి కట్టేశాం, దారం కుళ్ళేలోగా వేళ్ళు చెక్కని పట్టుకుంటాయి. వాలిస్‌నేరియా, క్రిప్ట్‌లు ఇసుకలో నాటి వాటి వేళ్ళ దగ్గర రూట్ ట్యాబ్‌లు, అంటే ఎరువు బిళ్ళలు, పెట్టాను, ఎందుకంటే వట్టి ఇసుకలో వాటికి తిండేమీ దొరకదు. మొక్కలతోపాటు వచ్చే నత్తలు వద్దనుకుంటే నాటేముందు పటిక నీళ్ళలో నానబెట్టి కడిగేవాళ్ళున్నారు. నేను నానబెట్టాను. అయినా రెండు చిన్న నత్తలు దిగాయి. చేపలు లేని ఆ రోజుల్లో పాపకి అవే లోకం కావడంతో తీసెయ్యబుద్ధి కాలేదు.

నాటిన కొద్ది రోజులకే క్రిప్ట్ ఆకులు కరిగి జిగురైపోయాయి. నీళ్ళు మారితే ఆ మొక్క అలాగే చేస్తుంది. పీకెయ్యకూడదు. కరిగిన ఆకులు మాత్రం తీసేస్తే వేరు నుంచి కొత్తవి వస్తాయి. ఆగస్టు మధ్యకి గోధుమరంగు మొలకలు ఇసుకలోంచి తొంగిచూశాయి.

చేపలు దాక్కోవడానికి ప్లాస్టిక్ కోటలూ పుర్రెలూ కొనలేదు. కొబ్బరి చిప్పని పీచు లేకుండా గీకి, అంచున ఒక గుమ్మం కోసి, నీళ్ళ రంగు దిగడం తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ మరిగించాను. ఇంకోటి బాదం ఆకులు. మా కాలనీ రోడ్డు పక్కన రాలి ఊడ్చుకుపోయే ఎండు బాదం ఆకుల్నే విదేశాల్లో ప్యాకెట్లలో పెట్టి అక్వేరియంల కోసం అమ్ముతారు. పచ్చివి కాకుండా పూర్తిగా ఎండినవి, పురుగుమందు కొట్టని చెట్టువి ఏరుకోవాలి. కడిగి ఒకటి రెండు వేస్తే నీళ్ళు లేత టీ రంగుకి వస్తాయి, నత్తలకి మేతగా కూడా పనికొస్తాయి. స్కూలు బస్సు దిగి ఇంటికొచ్చే దారిలో పాప బ్యాగు నిండా ఇవే.

ఆగస్టు, ఖాళీ ట్యాంకు

పెద్దవాళ్ళకే ఓపిక ఉండని దశ ఇది. చేపల మలం, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషం, మూడోది మొక్కలకి ఎరువు. ఆ బ్యాక్టీరియా స్పాంజి ఫిల్టరులో కాపురం పెట్టడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్ళనిచ్చాను. తెలిసినవాళ్ళ పాత ట్యాంకు స్పాంజిని మా నీళ్ళలో పిండాక వేగం పెరిగింది.

ఖాళీ ట్యాంకు ముందు పిల్లని కూర్చోబెట్టింది టెస్ట్ కిట్టే. అమ్మోనియా లేకపోతే గాజు గొట్టంలో పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైట్ లేకపోతే ఆకాశం రంగు, ఉంటే ఊదా. నైట్రేట్ పసుపు నుంచి ఎరుపుకి. చుక్కలు వెయ్యడం నా పని, మూత బిగించాక కార్డు పక్కన పెట్టి రంగు కలపడం తన పని. నైట్రేట్ రెండో సీసాని అరనిమిషం గట్టిగా ఊపాలి, లేకపోతే ఫలితం తప్పొస్తుంది. ఆ ఊపుడుకి మా పాపని మించినవాళ్ళు లేరు. క్యాలెండర్లో ఆ రోజు గడికి క్రేయాన్‌తో అదే రంగు వేసేది. నెల తిరిగేసరికి ఆకుపచ్చ పోయి, ఊదా వచ్చి, అదీ పోయి, నారింజ మిగిలింది. ఈ అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ సైకిల్ గురించి నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఆ క్యాలెండర్ పేజీయే బాగా అర్థమవుతుంది.

లైటు టైమర్ ప్లగ్గు మీద మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 దాకా. పిల్ల స్కూల్లో ఉండగా వెలిగించి ఎవరికి ఉపయోగం, నాచుకి తప్ప? కొత్తలో గాజు మీద గోధుమరంగు పొర పట్టింది. కొత్త ట్యాంకుల్లో అది మామూలే. అయస్కాంతం స్క్రేపరుతో పాప బయటి నుంచే గీకేసింది, కొన్నాళ్ళకి దానంతటదే తగ్గిపోయింది.

సెప్టెంబరు, చేపలు

నీళ్ళని బట్టి చేపల్ని ఎంచుకున్నాం. నియాన్ టెట్రాలు అందంగా ఉంటాయి గానీ మెత్తటి నీళ్ళు కోరుకుంటాయి, కొత్త ట్యాంకులో త్వరగా పోతాయి. గప్పీలకి గట్టి నీళ్ళే ఇష్టం. మగవి మాత్రమే తీసుకున్నాం. ఆడది ఒక్కటున్నా నెల నెలా పిల్లలు పెడుతుంది, ఒకసారి కలిస్తే నెలలపాటు మగచేప లేకపోయినా పెడుతూనే ఉంటుంది. పొట్ట కింద రెక్క పుల్లలా సన్నగా ఉంటే మగ, విసనకర్రలా విచ్చుకుంటే ఆడ. అడుగున తిరగడానికి బ్రాంజ్ కోరీలనే మీసాల చేపలు ఆరు, ఎందుకంటే అవి గుంపులో లేకపోతే బిక్కుబిక్కుమంటూ మూల నక్కుతాయి. మధ్యలో హనీ గౌరామీ జంట. అది మన దేశపు చేపే, గంగా బ్రహ్మపుత్రల వైపుది.

గాజు శుభ్రం చేస్తుందని దుకాణంలో సక్కర్ క్యాట్‌ఫిష్‌ని అంటగట్టబోయారు. అది అడుగు దాటి పెరిగే చేప. పెరిగాక ఏం చెయ్యాలో తెలీక జనం వదిలేసినవే ఈరోజు మన చెరువుల్లో, కృష్ణలో జాలర్ల వలలు చింపుతున్నాయి, పేపర్లో డెవిల్ ఫిష్ అని రాస్తారే, అవి. వద్దన్నాం.

అన్నిటినీ ఒకేసారి వెయ్యలేదు. ముందు గప్పీలు, రెండు వారాలు ఆగి కోరీలు, ఆ తర్వాత గౌరామీలు. కవరుని నీళ్ళ మీద కాసేపు తేలనిచ్చి, తర్వాత గంటసేపు కొంచెం కొంచెంగా మన నీళ్ళు కలిపి, చేపల్ని మాత్రం తీసి వదిలాను. కవరు నీళ్ళు ట్యాంకులో పొయ్యలేదు. కోరీలకి వలకంటే ప్లాస్టిక్ కప్పు మేలు, వాటి రెక్కల ముళ్ళు వలలో చిక్కుకుంటాయి. గప్పీల్లో ఒకటి వారం తిరక్కముందే పోయింది. పాప అడిగిన ప్రశ్నలన్నిటికీ ఉన్నదున్నట్టే చెప్పాం, నిద్రపోయిందని మాత్రం చెప్పలేదు. ఆ పూట మళ్ళీ టెస్ట్ చేసి, నీళ్ళు బాగానే ఉన్నాయని తనే తేల్చింది.

పాపకి ఇష్టమైనవి కోరీలు. ముక్కు కింద మీసాలతో ఇసుకని జల్లెడ పడుతూ పోతాయి, మొప్పల్లోంచి ఇసుక పొగలా రాలుతుంది. కుర్చీలో కూర్చుని గాజుకి ముక్కు ఆనిస్తే సరిగ్గా ఎదురుగా ఉంటాయి. ఒకరోజు "నాన్నా, అది నాకు కన్ను కొట్టింది" అంది. నమ్మలేదు గానీ పక్కన కూర్చుని చూస్తే నిజమే. చేపకి రెప్ప లేదు. కోరీ కనుగుడ్డుని చటుక్కున కిందికి తిప్పి మళ్ళీ పైకి తెస్తుంది, బంగారు అంచు ఒక్క క్షణం మాయమవుతుంది. స్టాండు ఇంకో అడుగు ఎత్తుంటే ఇది ఎవరి కంటా పడేది కాదు.

మేత

పిల్లల ట్యాంకులు పాడయ్యేది ఎక్కువగా మేత వల్లే, అందులో నానమ్మల వాటా తక్కువేం కాదు. "పాపం, ఆకలితో మొహం వాచి చూస్తున్నాయిరా" అని మా అమ్మ ఇంకో చిటికెడు వేసేది. దీనికి మందు అమ్మ బీపీ మాత్రల డబ్బాలోనే దొరికింది. వారానికి ఏడు గదులుండే ఆ డబ్బా ఇంకోటి కొని, ఆదివారం పూట నేనే ఏ రోజు మేత ఆ గదిలో కొలిచి పెడతాను. పాప ఆ రోజు గది తెరిచి వేస్తుంది, గది ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. మేత డబ్బా పై అరలోకి వెళ్ళింది. వారానికి ఒక రోజు ఖాళీ కడుపు చేపలకి మంచిదే. అది ఏ రోజో పాపే తేల్చింది: శనివారం, నానమ్మకి ఒక్కపొద్దు కాబట్టి. ఆ మాట తర్వాత అమ్మ ఇంకేమీ అనలేదు.

వారానికి ఒక బకెట్, అంటే 15 లీటర్ల దాకా నీళ్ళు మారుస్తాం. పైపుని నోటితో పీల్చకుండా చేత్తో నొక్కే బల్బున్నది తీసుకున్నాను, పిల్లలు చూసింది చేస్తారు. స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే పిండాలి, కుళాయి కింద కడిగితే బ్యాక్టీరియా పోతుంది. ఆ నీళ్ళే మగ్గుతో బాల్కనీలో మందారానికి పోస్తుంది పాప.

డిసెంబరు చివర

రాత్రిళ్ళు నీళ్ళు 20 డిగ్రీలకి దిగడంతో 50 వాట్ల హీటరు 25 మీద పెట్టాను. నీళ్ళు మార్చేటప్పుడు ముందు దాన్నే ఆపాలి, నీళ్ళు దిగి గాలిలో వేడెక్కితే దాని గాజు పగులుతుంది. వాలిస్‌నేరియా ఇసుక కింద తీగలు పంపి వెనక గోడంతా పాకింది. హార్న్‌వర్ట్ తుంచి పారెయ్యలేక అలసిపోతున్నాం. తుంచినవి ఎండబెట్టి చెత్తలో వేస్తాను, డ్రైనేజీలోకో చెరువులోకో వదలను. చెక్క మీద నాచు ఇంకొంచెం పట్టాక చెర్రీ రొయ్యలు తేవాలని ఉంది. ఎండల్లో నీళ్ళు 32కి చేరితే ఏం చెయ్యాలో కూడా ఇప్పుడే చూసుకోవాలి. మూత తీసి నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుందంటారు.

సంక్రాంతికి ఊరెళ్ళాలి. ఎదిగిన చేపలు నాలుగైదు రోజులు మేత లేకుండా హాయిగా ఉంటాయి, కరిగే హాలిడే మేత బిళ్ళలు వేస్తే నీళ్ళు చెడేదే ఎక్కువ. ఎదురింటి ఆంటీకి తాళం ఇచ్చి వెళ్తున్నాం, కరెంటు పోయి వచ్చాక ఫిల్టరు తిరుగుతోందో లేదో ఒకసారి చూస్తే చాలని చెప్పాం. మేత డబ్బా మాతోనే వస్తోంది. పాప మాత్రం మాత్రల డబ్బాలో అన్ని గదులూ ఖాళీ చేసి, "ఆంటీ, అన్నీ శనివారాలే" అని అప్పజెప్పింది.